బోర్డు మీద పేరు, పతకం రాస్తే సరిపోదు: మన బాక్సింగ్ దిగ్గజాల ఘనతను నమోదు చేయడం ఎలా?

బాక్సింగ్ శిక్షణ కేంద్రాల గోడల మీదా, పోటీల సావనీర్లలోనూ మన పాత బాక్సర్లను స్మరించుకునే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక ఫొటో, కింద పేరు, దాని కింద పతకాల వరుస. ఆ వరుస చూసి రింగులోకి కొత్తగా వచ్చిన పిల్లకు తెలిసేది చాలా తక్కువ. ఏ బరువులో ఆడారు, ఎవరి మీద గెలిచారు, ఆ రోజుల్లో పాయింట్లు ఎలా ఇచ్చేవారు అన్నది లేకపోతే ఆ గెలుపు ఎంత కష్టమైందో అర్థం కాదు. అందుకే ప్రతి పేరు పక్కన ఐదు వివరాలు తప్పక ఉండాలంటాను: బరువు విభాగం, పోటీ జరిగిన ఏడాదీ ఊరూ, చివరి బౌట్‌లో (పోరులో) ప్రత్యర్థి, స్కోరు, తీర్చిదిద్దిన కోచ్.

వీటిలో ఎక్కువగా తప్పు పోయేది స్కోరు దగ్గరే. 2012 లండన్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మేరీ కోమ్ బ్రిటన్‌కు చెందిన నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడిపోయింది. టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో లవ్లీనా బోర్గొహైన్ టర్కీ బాక్సర్ బుసెనాజ్ సుర్మెనెలీ చేతిలో 0-5తో ఓడింది. రెండూ పక్కపక్కనే రాస్తే లవ్లీనా ఒక్క పంచ్ కూడా తగిలించలేదని చదివేవాళ్లు అనుకుంటారు. అది పూర్తిగా తప్పు. మొదటిది పంచ్‌ల లెక్క, రెండోది జడ్జీల లెక్క.

1992 నుంచి 2012 దాకా ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ నడిచింది. ఐదుగురు జడ్జీల ముందు మీటలుండేవి. పంచ్ శుభ్రంగా తగిలిందనుకుంటే మీట నొక్కాలి. 2008 బీజింగ్ దాకా కనీసం ముగ్గురు ఒక్క సెకను తేడాలో నొక్కితేనే పాయింటు. అందువల్ల ముగ్గురికీ ఒకేసారి స్పష్టంగా కనబడే దెబ్బకే విలువ. దూరం నుంచి తలకు తగిలే సూటి పంచ్‌కు పాయింటు వచ్చేది. దగ్గరగా నిలబడి పొట్టమీద కొట్టిన హుక్‌లు (పక్కనుంచి వంపుగా కొట్టే పంచ్‌లు), వరసగా పడే నాలుగైదు పంచ్‌ల కాంబినేషన్ చాలాసార్లు లెక్కలోకే వచ్చేవి కావు. 2013 నుంచి ప్రతి రౌండ్‌కూ గెలిచిన వాళ్లకు 10, ఓడిన వాళ్లకు సాధారణంగా 9 ఇచ్చే పద్ధతి వచ్చింది. టోక్యో నాటికి 5-0 అంటే ఐదుగురు జడ్జీలూ ఒకరివైపే మొగ్గారని అర్థం. రౌండ్లు ఎంత దగ్గరగా సాగినా 5-0 రావచ్చు. బోర్డు మీద స్కోరు పక్కన ‘పాయింట్లు’ అనో ‘జడ్జీలు’ అనో ఒక్క మాట చేర్చితే ఈ గందరగోళం పోతుంది.

ఈ సంగతి తెలిస్తేనే 2008 బీజింగ్ ఎందుకంత పెద్ద మలుపో అర్థమవుతుంది. విజేందర్ సింగ్ 75 కిలోల విభాగంలో గాంబియా తరఫున ఆడిన బడౌ జాక్‌ను 13-2తో ఓడించాడు. ఆ జాక్ తర్వాత ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. క్వార్టర్స్‌లో ఈక్వెడార్ బాక్సర్ కార్లోస్ గోంగోరాపై 9-4తో గెలిచాడు. సెమీస్‌లో క్యూబా బాక్సర్ ఎమీలియో కొరియా చేతిలో 5-8తో ఓడి కాంస్యం తెచ్చాడు. ఒలింపిక్ బాక్సింగ్‌లో భారత్‌కు అదే తొలి పతకం. అప్పుడు బౌట్ అంటే రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు. అంత కొద్ది వ్యవధిలో తొమ్మిది పాయింట్లు తెచ్చుకుని నాలుగే ఇవ్వడమంటే దూరాన్ని ఎంత బాగా అదుపు చేశాడో చూడండి.

అదే బీజింగ్‌లో 54 కిలోల్లో అఖిల్ కుమార్ అప్పటి ప్రపంచ చాంపియన్, రష్యా బాక్సర్ సెర్గీ వొదోప్యానోవ్‌ను ఓడించాడు. స్కోరు 9-9తో సమమైంది. అప్పుడు జడ్జీలు విడివిడిగా ఎన్నిసార్లు మీట నొక్కారో లెక్క తీసి అఖిల్‌ను విజేతగా ప్రకటించారు. చేతులు కిందికి దించి ప్రత్యర్థిని కవ్వించి, అతను కొట్టగానే తిరిగి కొట్టడం అఖిల్ పద్ధతి. క్వార్టర్స్‌లో మాల్డోవా బాక్సర్ చేతిలో 3-10తో ఓడాడు కాబట్టి పతకాల పట్టికలో అతని పేరు లేదు. పతకాలు మాత్రమే రాసే బోర్డులో ఈ గెలుపునకు చోటు దొరకదు. నా దృష్టిలో అది పెద్ద లోటు.

బరువు సంగతీ ఇలాంటిదే. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అని అందరూ రాస్తారు. 2002లో అంటాల్యాలో 45 కిలోలు, 2005లో పొడోల్స్క్, 2006లో ఢిల్లీ, 2008లో నింగ్‌బోలో 46 కిలోలు, 2010లో బ్రిడ్జ్‌టౌన్, 2018లో మళ్లీ ఢిల్లీలో 48 కిలోలు. మహిళల బాక్సింగ్‌ను తొలిసారి చేర్చిన లండన్ ఒలింపిక్స్‌లో ఉన్నవి మూడే విభాగాలు: 51, 60, 75. అంటే తనకంటే పొడవైన, ఎముక బరువున్న అమ్మాయిల మధ్యకు మూడు కిలోలు పైకి వెళ్లి ఆడి ఆమె కాంస్యం గెలిచింది. తిండి పెంచి కిలోలు పెంచుకోవచ్చు గానీ చేతి పొడవు పెరగదు. లోపలికి దూసుకెళ్లి కొట్టి వెంటనే బయటికి రావాలి, ఫుట్‌వర్క్ మీదే భారమంతా పడుతుంది.

నిఖత్ జరీన్‌ది దీనికి ఎదురు దారి. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచింది, ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జుతామస్ జిత్‌పాంగ్‌పై 5-0. పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు కాబట్టి 50కి దిగి, 2023లో ఢిల్లీలో ఆ బరువులోనూ ప్రపంచ చాంపియన్ అయింది. వినడానికి రెండు కిలోలే. కానీ ఈ పోటీల్లో బౌట్ ఉన్న ప్రతిరోజూ ఉదయం తూకం ఉంటుంది. ఒక్కసారి నీళ్లు తగ్గించి తూగితే సరిపోదు, టోర్నీ ముగిసేదాకా ఆ బరువు మీదే ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కుతాయి, స్పందన మందగిస్తుంది. ఆమె రెండు టైటిళ్లకూ బరువు విడిగా రాయకపోతే ఈ శ్రమంతా మరుగున పడుతుంది.

కాంస్యాల గురించి ఒక్క మాట. సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు, మూడో స్థానం కోసం బౌట్ ఉండదు. కాబట్టి ‘కాంస్య పోరులో విజయం’ అని బాక్సర్ల గురించి రాస్తే అది తప్పు.

ఇక కోచ్ పేరు. ఐదింటిలో దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు, నాకు మాత్రం ఇదే ముఖ్యం. హవా సింగ్ హెవీవెయిట్‌లో 1966, 1970 ఏషియన్ గేమ్స్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. రెండూ బ్యాంకాక్‌లోనే జరిగాయి, అందుకే చాలాచోట్ల ఒకటి అచ్చుతప్పనుకుని కొట్టేస్తారు. ఆయన సైన్యం నుంచి వచ్చాక హర్యానాలోని భివానీలో పిల్లలకు బాక్సింగ్ నేర్పే వ్యవస్థకు పునాది వేశాడు. విజేందర్, అఖిల్ ఆ ఊరి రింగుల్లోంచే వచ్చారు. విజేందర్‌ను తీర్చిన కోచ్ జగదీశ్ సింగ్‌కు 2007లో కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు వచ్చింది. 2025లో లివర్‌పూల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 80 కిలోలపై విభాగంలో రజతం గెలిచిన నుపుర్ శ్యోరాణ్ హవా సింగ్ మనవరాలే. హవా సింగ్ పేరు పక్కన రెండు స్వర్ణాలు రాసి ఊరుకుంటే ఆయన పనిలో సగం కూడా చెప్పినట్టు కాదు.

మణిపూర్‌లో ఇంకో దారి మొదలైంది. 1998 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో డింకో సింగ్ 54 కిలోల్లో ఉజ్బెకిస్తాన్ బాక్సర్ తైమూర్ తుల్యకోవ్‌ను ఓడించి స్వర్ణం తెచ్చాడు. ముందు జట్టులోంచి తప్పించి మళ్లీ చేర్చిన కుర్రవాడు అతను. ఆ గెలుపు చూశాకే మేరీ కోమ్ బాక్సింగ్ వైపు మళ్లింది. డింకో 2021 జూన్‌లో 42 ఏళ్లకే కన్నుమూశాడు.

తెలుగు నేల మీది దారి నిజామాబాద్, విశాఖపట్నాల మధ్య నడుస్తుంది. నిజామాబాద్‌లో శంషాముద్దీన్ దగ్గర నేర్చుకున్న నిఖత్ 2009లో విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి వెళ్లి ద్రోణాచార్య గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు శిక్షణలో చేరింది. రెండేళ్లకే జూనియర్ ప్రపంచ టైటిల్ వచ్చింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చి, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న ఎన్. ఉష కూడా విశాఖ అమ్మాయే. ఆమె పేరు మన జిల్లాల బోర్డుల మీద చాలాచోట్ల కనబడదు, ముందుగా చేర్చాల్సింది ఆమెనే.

శంషాముద్దీన్ కొడుకు మహ్మద్ హుసాముద్దీన్ 2023 తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 57 కిలోల కాంస్యం గెలిచాడు. మోకాలి గాయంతో సెమీస్ ఆడలేకపోయాడు, ప్రత్యర్థికి వాకోవర్ (ఆడకుండానే గెలుపు) దక్కింది. అతని వరుసలో స్కోరు గడి ఖాళీగా వదలకుండా ‘వాకోవర్, గాయం’ అని రాయండి. ఖాళీ వదిలితే తర్వాత ఎవరో ‘ఓటమి’ అని నింపేస్తారు.