మా మిక్సీ రిపేరు షాపు ఫోన్లో కనపడేదాకా

మాది వైజాగ్‌లో అక్కయ్యపాలెం. 80 అడుగుల రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో చిన్న మిక్సీ, గ్రైండర్ల రిపేరు షాపు. మావయ్యగారు పెట్టింది, ఇప్పుడు మా ఆయన చూసుకుంటున్నారు. లెక్కలు, స్పేర్ పార్టుల ఆర్డర్లు, ఫోను నావి. అందుకని 'ఆన్‌లైన్‌లో పెట్టండి' అని అందరూ చెప్పే పని కూడా నా నెత్తినే పడింది.

ఒక మార్కెటింగ్ కుర్రాడు వచ్చి ప్యాకేజీ చెప్పాడు. నెలకిన్ని పోస్టర్లు, పండగ శుభాకాంక్షలు, ఫాలోయర్లను పెంచడం. ఉగాది పోస్టరు చూసి ఎవరైనా మిక్సీ పట్టుకొస్తారా అని నా అనుమానం. మా దగ్గరికొచ్చేవాళ్లకి పొద్దున్నే చట్నీ సగంలో ఉండగా మిక్సీ ఆగిపోతుంది. అప్పుడు ఎవరూ ఇన్‌స్టాగ్రామ్ తెరవరు, గూగుల్‌లో 'మిక్సీ రిపేర్ నియర్ మి' అని కొడతారు. మేం కనపడాల్సింది అక్కడ. అందుకే ముందు గూగుల్, తర్వాత వాట్సాప్, ఆఖర్న ఇన్‌స్టా అనుకున్నాం. చీరలో కేకులో అమ్మేవాళ్లకైతే ఈ వరస తిరగబడుతుంది.

వీటన్నిటికంటే ముందు షాపు పేరు మీద కొత్త జీమెయిల్ తెరిచి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి మనమేనని అడిగేది) పెట్టి, పాస్‌వర్డ్ డైరీలో రాసుకున్నాను. దీన్ని చాలామంది పట్టించుకోరు. పక్కింటి అబ్బాయో, షాపులో కుర్రాడో తన మెయిల్‌తో పేజీ తెరుస్తాడు, వాడు మానేశాక పేజీ వాడితోనే పోతుంది. ఎవరి సాయమైనా తీసుకోండి, ఓనర్‌గా మాత్రం మీ మెయిలే ఉండాలి.

గూగుల్ మ్యాప్స్‌లో వెతికితే మా షాపు అప్పటికే ఉంది! ఎవరో కస్టమరు ఎప్పుడో పెట్టారట. ఫోటోలో మాత్రం పక్కనున్న టీ కొట్టు. కొత్తది తెరిస్తే రెండు లిస్టింగులై గందరగోళం అవుతుందని, ఉన్నదాన్నే 'క్లెయిమ్' చేశాను, అంటే ఇది మా షాపేనని గూగుల్‌కి చెప్పాను. పిన్ను మెయిన్ రోడ్డు మీద పడి ఉంటే జరిపి సందులోకి తెచ్చాను. పేరు దగ్గర మా ఆయన 'బెస్ట్ మిక్సీ రిపేర్ వైజాగ్' అని కూడా చేరుద్దామన్నారు. కుదరదు. బోర్డు మీద ఏముందో అదే పెట్టాలన్నది గూగుల్ రూలు, అదనంగా తగిలిస్తే లిస్టింగు సస్పెండ్ చేయొచ్చు. మేం ఏమేం చేస్తామో చెప్పడానికి కేటగిరీ, సర్వీసెస్ అని వేరే చోట్లున్నాయి.

అసలు టెన్షన్, షాపు మాదేనని గూగుల్‌కి రుజువు చేసే వీడియో వెరిఫికేషన్ దగ్గర. ఒకప్పుడు పోస్టులో పిన్ నంబరు పంపేవారు, మాకు మాత్రం వీడియో అడిగింది. మధ్యలో ఆపకుండా, ఎడిట్ చేయకుండా ఒకే వీడియోలో మూడు సంగతులు తెలియాలి: షాపు ఎక్కడుంది, అది నిజంగా ఆ వ్యాపారమేనా, తీస్తున్నది షాపు తాలూకు మనిషేనా. మా బోర్డు మీద ఎప్పుడో పోయిన 0891 ల్యాండ్‌లైన్ నంబరు ఉంది, ముందు పెయింటరుని పిలిచి దాన్ని మార్పించాం. వీడియో సందు మొదట్నుంచి మొదలుపెట్టి, బోర్డు చూపించి, మా ఆయన తాళం తీసి షట్టరు ఎత్తుతుండగా తీశాను. మన ఊరి ఉప్పుగాలికి ఆ తాళం మామూలుగానే ఒక పట్టాన రాదు, ఆ రోజైతే మరీ మొరాయించింది. ఆయన తాళాన్ని తిట్టిన తిట్లు కూడా వీడియోలో రికార్డయ్యాయి. లోపల బెంచీ, వైండింగ్ మిషను, గోడకి వేలాడే జార్లు చూపించి పంపాను. పరిశీలనకి ఐదు పనిదినాలు పట్టొచ్చన్నారు, ఆ లోపే ఓకే అయింది.

తర్వాత వాట్సాప్ బిజినెస్, అంటే వ్యాపారాల కోసం ఉన్న వేరే వాట్సాప్ యాప్. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ ఇందులోనూ ఒకేసారి నడవదు కాబట్టి షాపుకి వేరే సిమ్ తీసుకున్నాం. రెండు యాప్‌లూ ఒకే ఫోన్‌లో ఉంటాయి, ఇబ్బంది లేదు. నాకు బాగా పనికొచ్చింది లేబుల్స్, అంటే ఒక్కో చాట్‌కి తగిలించే గుర్తులు. 'పార్టు కోసం ఆగింది', 'రెడీ', 'బాకీ' అని పెట్టుకున్నాక, నా మిక్సీ ఏమైందని ఎవరడిగినా వెతుక్కోనక్కర్లేదు. లొకేషనూ టైమింగులూ క్విక్ రిప్లైలో (ముందే రాసి ఉంచుకునే జవాబుల్లో) పెట్టాను. కొత్తగా మెసేజ్ చేసేవాళ్లకి 'మిక్సీ ఆన్ చేసి సౌండు రికార్డు చేసి పంపండి' అని గ్రీటింగ్ వెళ్తుంది. మా ఆయన అవి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. శబ్దాన్ని బట్టి ఏ పార్టు పోయిందో తెలుస్తుంది: మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే జారుని మోటారుతో కలిపే కప్లర్, జారు గరగరలాడుతూ కింద నీళ్లు కారితే బుష్, ఆగి ఆగి తిరుగుతుంటే కార్బన్ బ్రష్‌లు. ఏది తేవాలో, సుమారుగా ఎంతవుతుందో ముందే చెప్పేస్తే వచ్చినవాళ్లు బేరాలాడటం కూడా తగ్గింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ అకౌంట్ తీసుకున్నాను. బయోకి 150 అక్షరాలే ఇస్తారు, అందులో కవిత్వం రాయకుండా ఏం రిపేరు చేస్తాం, ఏ ఏరియా, ఎన్నింటికి తెరుస్తాం, అంతే రాశాను. రీల్స్ దగ్గర ఇంట్లో గొడవైంది. చాలా మిక్సీల అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే అది తన్నుకుని మోటారుని ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్లీ తిరుగుతుంది. అది తెలియక మిక్సీ ఎత్తుకుని మా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్లు బోలెడుమంది. దాని మీదే మొదటి రీల్ చేస్తానంటే మావయ్యగారు, "ఏటమ్మా, పని గుట్టంతా నువ్వే చెప్పేస్తే మన దగ్గరకి ఎవులొస్తారు?" అన్నారు. మా ఆయన మాత్రం, బటన్ నొక్కి పదో ఇరవయ్యో తీసుకోవడం తనకే సిగ్గుగా ఉంటుందని నా వైపు మాట్లాడారు. రీల్ పెట్టాం. వేరే ఊళ్లవాళ్లు కూడా చూశారు, కామెంట్లలో తిరుపతి నుంచి 'మాకూ రిపేరు చేస్తారా' అని. వ్యూస్ బాగానే వచ్చాయిగానీ గల్లాపెట్టెలోకి రాలేదు. తర్వాత గ్రైండరు బెల్టు మార్చే రీల్ మీద 'అక్కయ్యపాలెం, సీతమ్మధార, దొండపర్తి' అని తెలుగులో పెద్దగా రాసి పెట్టాను. చూసినవాళ్లు చాలా తక్కువ, కానీ అది చూశామంటూ మనుషులు గ్రైండర్లు ఆటోలో వేసుకొచ్చారు. నాకు ఆ రెండోదే నచ్చింది. ఫేస్‌బుక్‌కి విడిగా ఏం చేయను, ఇన్‌స్టాలో పెట్టినవే పేజీలోకీ వెళ్తాయి. కాకపోతే అది పర్సనల్ ప్రొఫైల్ కాకుండా పేజీ అయ్యుండాలి. ప్రొఫైల్‌కి 5,000 మంది ఫ్రెండ్స్ దాటనివ్వరు.

రివ్యూల కోసం కౌంటరు మీద క్యూఆర్ అంటించాం. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇవ్వడం గూగుల్ ఒప్పుకోదు. మిక్సీ చేతికిచ్చి, ఒకసారి తిప్పి చూపించాక అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఒకాయన ఆలస్యమైందని ఒక్క స్టారు వేశారు. కంపెనీ ఆపేసిన మోడల్ అది, పార్టు దొరకలేదు. మా ఆయన కోపంగా రాయబోతే ఫోను లాక్కుని, జరిగింది రెండు ముక్కల్లో, 'సర్' అంటూ నేనే రాశాను. తర్వాత వచ్చిన ఒకావిడ ఆ జవాబు చదివే వచ్చానన్నారు.

నంబరు పబ్లిక్ అయ్యాక దొంగ కాల్స్ కూడా మొదలవుతాయి, సిద్ధంగా ఉండండి. 'గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ లిస్టింగు పోతుంది' అంటారు. లిస్టింగు ఉచితం, ఓటీపీ అడిగితే చెప్పకుండా ఫోను కట్ చేసేయండి. ఇంకొకడు నేవీలో ఆఫీసర్నని, క్యాంటీన్‌కి మిక్సీలు చాలా ఉన్నాయని, అడ్వాన్సు పంపుతున్నాను స్కాన్ చేయమని క్యూఆర్ పంపాడు. డబ్బు మనకి రావడానికి స్కానూ అక్కర్లేదు, యూపీఐ పిన్నూ అక్కర్లేదు. నేవీ ఉన్న ఊరు కదా, ఆ మాట చెప్తే నమ్మేస్తారని వాళ్ల ధైర్యం.

డబ్బు కట్టి యాడ్స్ ఇవ్వడం ఇంకా మొదలుపెట్టలేదు. పోస్టు పెట్టిన ప్రతిసారీ 'బూస్ట్' చేయమని ఇన్‌స్టా అడుగుతూనే ఉంటుంది. బెంచీ కింద 'పార్టు కోసం ఆగింది' లేబుల్‌తో ఉన్న గ్రైండర్లు కదిలాక చూద్దామన్నారు మా ఆయన.