తమ్ముడి పద్దెనిమిది సోమవారాలు

2023 వెంకట్రామా క్యాలెండర్ మా ఇంట్లో ఇంకా పారెయ్యలేదు. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ప్రతి సోమవారం గడిలో తిథి నక్షత్రాల మీదే నీలం పెన్నుతో ఒక నంబర్ ఉంటుంది, 3,712, 4,050, 2,880 ఇలా. చూసినవాళ్ళు పాల లెక్కో చీటీ లెక్కో అనుకుంటారు. అది మా తమ్ముడి రక్తంలో న్యూట్రోఫిల్స్ లెక్క, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్లకణాలు. వాడికి స్కిజోఫ్రెనియా, లేని గొంతులు వినపడే మానసిక జబ్బు. క్లోజపిన్ అనే మందు కొందరిలో ఈ కణాల్ని పడగొట్టేస్తుంది, అందుకే అది మొదలుపెడితే మొదటి పద్దెనిమిది వారాలు వారం వారం ఈ లెక్క చూసుకోవాలి. ఆ మందు దాకా రావడానికే మాకు ఆరేళ్ళు పట్టింది. ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా, మాలాంటి ఇళ్ళు చాలానే ఉంటాయి, ఎవరూ బయటికి చెప్పుకోరు అంతే.

మాది తెనాలి దగ్గర ఊరు. వీడు 2017లో బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉండగా హాస్టల్ నుంచి ఇంటికొచ్చేశాడు, అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారక్కా అని. తర్వాత కిటికీలు మూసేయడం, ఫోన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టడం, అర్ధరాత్రి ఎవరితోనో వాదించడం. చుట్టాలందరూ గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం, నిమ్మకాయలు తొక్కించాం, దర్గాకి తీసుకెళ్ళాం, మొత్తం ఎనిమిది తొమ్మిది నెలలు అక్కడే పోయాయి, దానికి ఎవర్నీ అనలేను, నేను కూడా వెళ్ళినదాన్నే. ఆ తర్వాత ఒక డాక్టర్ దగ్గర ఏళ్ళ తరబడి వాడాం (పేరు వద్దులెండి). ముందు రిస్పెరిడోన్, తర్వాత ఒలాంజపిన్, తర్వాత పదిహేను రోజులకో ఇంజెక్షన్, ఒక్కోసారి మూడూ కలిపి. ఇంజెక్షన్ వేశాక వీడు నడుస్తుంటే చేతులు ఊగేవి కాదు, రెండు చేతులూ పక్కలకి అతికించినట్టు ఉండేవి, ఇడ్లీ తుంచుతుంటే వేళ్ళు వణికేవి. గొంతులు మాత్రం ఆగలేదు. వెళ్ళిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు, "ఇంకో నెల చూద్దాం", అయిపోయేది.

2023 జులైలో మా కోల్డ్ స్టోరేజ్‌లో (నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో అకౌంట్స్ చూస్తాను) ఒకావిడ చెప్తే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మొదట వాణ్ణి కాదు, నా చేతిలో ఉన్న బిగ్ షాపర్‌ని చూసింది. అందులో ఆరేళ్ళ మందుల చీటీలు. అన్నీ టేబుల్ మీద పోయించి పేకముక్కల్లా తేదీల వారీగా పేర్చింది. ఒక్కోదానికీ ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని వారాలు, మింగాడా లేదా, మింగడం మీరు కళ్ళతో చూశారా అని అడిగింది. గంట పట్టింది. చివరికి అంది, "రెండు రకాలు సరైన డోసులో కనీసం ఆరేసి వారాలు వాడినా తగ్గలేదంటే ఇంక ప్రయోగాలు చెయ్యకూడదమ్మా, క్లోజపినే. 2019కే ఇది మొదలుపెట్టి ఉండాల్సింది."

మరి అప్పుడు ఎవరూ ఎందుకు చెప్పలేదు మేడమ్ అన్నా, కోపంగానే అన్నా. మీరు వారం వారం రక్తం తీయిస్తారన్న నమ్మకం ఉండదు, ఏదైనా అయితే మా మెడకి చుట్టుకుంటుందన్న భయం ఉంటుంది అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నాలుగేళ్ళు అంటే వాడి ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు. మమ్మల్ని ఒక్కసారి అడిగితే తీయిస్తామో లేదో మేం చెప్పేవాళ్ళం కదా.

ఆ రాత్రంతా ఫోన్‌లో చదువుతూ కూర్చున్నా. ఈ మందు కొత్తదేం కాదు, 1958లో స్విట్జర్లాండ్‌లో బెర్న్‌లో తయారైంది, అంటే మా నాన్న కంటే పెద్దది. మొదట్లో దీన్ని కంపెనీ వాళ్ళే అంతగా నమ్మలేదట, ఎందుకంటే దీనికి చేతులు బిగుసుకోవు, ఒళ్ళు వణకదు, ఆ రోజుల్లో ఒళ్ళు బిగుసుకుంటేనే మందు పనిచేస్తున్నట్టు లెక్క! 1975లో ఫిన్లాండ్‌లో ఇది వాడుతున్న కొందరికి తెల్లకణాలు పడిపోయి ఎనిమిది మంది చనిపోయారు, దాంతో చాలా దేశాల్లో పక్కన పెట్టేశారు. తర్వాత అమెరికాలో జాన్ కేన్ అనే డాక్టర్, ఆయన టీమ్ ఏ మందుకీ లొంగని 268 మందిని తీసుకుని సగం మందికి పాత మందు క్లోర్‌ప్రోమజైన్, సగం మందికి ఇది ఆరు వారాలు ఇచ్చి చూశారు. పాతదానితో 4 శాతం మందికి మెరుగైతే దీనితో 30 శాతం మందికి. ఇది 1988లో అచ్చయింది, 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది, రక్తపరీక్ష చేయించుకోవాలన్న షరతుతో. ఆ 30 శాతం చూసి ముందు ఉసూరుమనిపించింది, వందలో ముప్పై మందేనా అని, తర్వాత ఆ 4 వైపు చూస్తే అర్థమైంది, మేం ఆరేళ్ళు ఆ 4లోనే తిరుగుతున్నాం.

(ఈ మధ్య కొత్త మందు వచ్చింది కదా అని చాలామంది అడుగుతున్నారు. 2024 సెప్టెంబర్‌లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒకటి ఒప్పుకుంది, జానోమెలీన్, ట్రోస్పియం కలిపిన క్యాప్సూల్. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడినప్పట్నుంచి వచ్చినవన్నీ మెదడులో డోపమిన్ అనే రసాయనం మీద పనిచేసేవే, ఇది వేరే దారి, ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనం దారి. జానోమెలీన్‌ని 1990ల్లో మతిమరుపు జబ్బుకని ప్రయత్నిస్తే వాంతులు, కడుపునొప్పులు తట్టుకోలేక జనం మానేశారు. ట్రోస్పియం మూత్రాశయం మందు, మెదడులోకి పోదు కాబట్టి మిగతా ఒంట్లో వచ్చే ఆ బాధల్ని ఇది ఆపుతుందని రెండూ కలిపారు. తెలివంటే ఇదీ అనుకున్నా. మేడమ్‌కి వాట్సాప్‌లో పంపిస్తే, మీవాడిలా మందులకి లొంగని వాళ్ళని ఆ ట్రయల్స్‌లో తీసుకోలేదమ్మా, ఉన్నదాన్ని సరిగ్గా వేసుకోండి అని పెట్టింది.)

జులై 31 సోమవారం హాస్పిటల్‌లో చేర్చాం, పది రోజులు. మొదటి రోజు 25 మిల్లీగ్రాముల మాత్రలో సగం. అంతే. ఆరేళ్ళు గుప్పెడు గుప్పెడు మింగినవాడు ఆ సగం ముక్కని అరచేతిలో పెట్టుకుని "ఇదేం చేస్తుందక్కా" అని నవ్వాడు. రోజుకి కాస్త కాస్త పెంచుతూ పోయారు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసేవాళ్ళు, లేచి నిలబడితే పడిపోయే ప్రమాదం ఉందని. గుండె 118 కొట్టుకునేది. మొదటి నాలుగు వారాలు గుండె కండరం వాచే అవకాశం ఉంటుందని దానికీ వేరే రక్తపరీక్షలు. ఇంకొకటి గట్టిగా చెప్పి పంపారు, 48 గంటలు దాటి మందు ఆగిందో మళ్ళీ ఆ సగం ముక్క నుంచే మొదలుపెట్టాలి, పాత డోసు ఒక్కసారిగా వెయ్యకూడదు. అది పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించా.

మొదటి సోమవారం హాస్పిటల్‌లోనే గడిచింది, మిగతా సోమవారాలు ఇంటి దగ్గర. పొద్దున్నే వీధి చివరి ల్యాబ్‌లో రక్తం, మధ్యాహ్నానికి రిపోర్ట్, దాన్ని ఫొటో తీసి మేడమ్‌కి పంపిస్తే చూసి ఒక్క వారానికి మాత్రమే మందు రాసేది. మా చిన్న ల్యాబ్ రిపోర్ట్‌లో న్యూట్రోఫిల్స్ అనే మాటే లేదు! నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, చివరికి ల్యాబ్ అబ్బాయి చెప్పాడు, "పాలీమార్ఫ్స్ అని ఉంది చూడండక్కా, అదే ఇది" అని. టోటల్ కౌంట్ 6,400, పాలీమార్ఫ్స్ 58 శాతం, రెండూ గుణిస్తే 3,712. నేను క్యాలిక్యులేటర్‌లో కొట్టి క్యాలెండర్‌లో రాసేదాన్ని. 1,500 కంటే కింద పడితే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యమంది. వందలో ఒకరికి, ఇంకా తక్కువ మందికే పూర్తిగా పడిపోతాయట, అది కూడా ఎక్కువగా మొదటి నాలుగైదు నెలల్లోనే. 2025లో అమెరికాలో రిపోర్ట్ చూపిస్తేనే మందు ఇవ్వాలన్న రూల్ ఎత్తేశారు. ఆ రూల్ భయానికే చాలామందికి మందు అందట్లేదని అక్కడా గొడవే అన్నమాట.

రక్తం ఒక్కటేనా అంటే కాదు. రాత్రిళ్ళు నోట్లోంచి చొంగ కారి దిండు తడిసిపోయేది, అమ్మ రోజూ రెండు తువ్వాళ్ళు మార్చేది. ఆకలి విపరీతం, మూడు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు. అన్నిటికంటే మేడమ్ మొదట అడిగే ప్రశ్న మోషన్ అయిందా అని. అమ్మకి మొహమాటం, పెద్ద డాక్టరు ఇదేం అడుగుతుంది అని. ఈ మందుతో పేగు కదలిక ఆగిపోయి ప్రాణం మీదకి రావచ్చు, తెల్లకణాల కంటే దీన్నే ఎక్కువ పట్టించుకోండి అని ఆవిడ విడమరిచి చెప్పాక అమ్మ ఇసబ్గోల్ డబ్బా కొని స్టవ్ పక్కనే పెట్టింది.

తొమ్మిదో సోమవారం అక్టోబర్ 2. టోటల్ 3,900, పాలీమార్ఫ్స్ 41. మూడుసార్లు కొట్టా, మూడుసార్లూ 1,599. గాంధీ జయంతి, మేడమ్ ఊళ్ళో లేదు, ఫోన్ రెండు గంటలు కలవలేదు, ఆ రెండు గంటల్లో నేను థర్మామీటర్ వాడి చంకలోంచి తియ్యలేదు. ఫోన్ కలిశాక ఆవిడ తాపీగా, "పొద్దున తీసిన రక్తం కదా, పొద్దుటిపూట కాస్త తక్కువే ఉంటాయి. రేపు సాయంత్రం ఓ అరగంట నడిపించి అప్పుడు తీయించండి" అంది. తర్వాతి రోజు టోటల్ 4,800, పాలీమార్ఫ్స్ 52, అంటే 2,496. అయినా రెండు వారాలు వారానికి రెండుసార్లు తీయించింది. క్యాలెండర్‌లో ఆ రెండు వారాలు గడి చాలక పక్క గడిలోకి పోయింది రాత.

దసరాకి మేనత్త వచ్చి మళ్ళీ పాత పాట ఎత్తుకుంది, ఇది మీ అమ్మ వైపు నుంచి వచ్చిన జబ్బు అని. ఈసారి నా దగ్గర సమాధానం ఉంది. 2022లో ప్రపంచం మొత్తం మీద డెబ్భై ఆరు వేల మందికి పైగా రోగుల జన్యువుల్ని చూస్తే 287 చోట్ల తేడాలు దొరికాయి, ఒక్కోటీ వేసే బరువు చాలా చిన్నది, అందులో సగం నాన్న వైపువి కూడా అయ్యుండచ్చు అత్తా అన్నా. ఏం అర్థమైందో తెలీదు గానీ ఊరుకుంది. నాకు వచ్చే సంబంధాల విషయం కూడా ఇందులో ఉంది, తోబుట్టువులకి వచ్చే అవకాశం వందలో తొమ్మిదీ పది అంటారు, మిగతా జనానికి ఒకటి. ఆ పది చూసే వాళ్ళు మిగతా తొంభై చూడరు, సరే అది ఇంకోసారి.

ఇక కార్తీకమాసం. వీడు అయ్యప్ప మాల వేసుకుంటా అన్నాడు. ఆరేళ్ళ తర్వాత వాడంతట వాడు అడిగిన మొదటి సంగతి అది, ఇంట్లో ఎవరికీ కాదనబుద్ధి కాలేదు, మేడమ్ కూడా సరే అంది, తెల్లారుజాము స్నానం మటుకు వద్దు అంది, గురుస్వామి కూడా ఒప్పుకున్నారు. ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. వీడు రోజుకి రెండు పెట్టెలు కాల్చేవాడు, మాల వేసుకున్న రోజే మానేశాడు. వారం తిరిగేసరికి భిక్ష ముందు కూర్చుని నిద్రలోకి జారిపోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, చొంగ మళ్ళీ ఎక్కువైంది. పూజలో కూర్చోబెడితే పక్కస్వామి భుజం మీద వాలిపోయాడు. మేడమ్ వినగానే నెత్తి కొట్టుకుంది, "సిగరెట్ మానేస్తున్నాడని చెప్పాలి కదమ్మా!" పొగలో ఉండే పదార్థాలు లివర్‌లో ఒక ఎంజైమ్‌ని పెంచి క్లోజపిన్‌ని తొందరగా అరగదీసేస్తాయట, నికోటిన్ కాదు, పొగ. పొగ ఆగితే అదే డోసు ఒంట్లో ఎక్కువైపోతుంది. నవంబర్ 23న 350 నుంచి 250కి తగ్గించింది. ఆ వారం మందులో నాలుగు 100 మాత్రలు మిగిలాయి, ఉండనీలే అని డబ్బాలో పడేశా.

మాలలో ఉన్నన్నాళ్ళూ ఊరంతా వాణ్ణి స్వామీ అని పిలిచింది, అమ్మా నేనూ కూడా. వెనకాల పిచ్చోడు అనే కిళ్ళీ కొట్టు ఆయన కూడా "స్వామి శరణం" అని చేతులు జోడించాడు. ఒకరోజు అడిగా, ఇంకా వినపడుతున్నాయా స్వామీ అని. "ఉన్నారక్కా. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు, నన్ను పిలవట్లేదు" అన్నాడు.

పద్దెనిమిదో సోమవారం డిసెంబర్ 4. మిచౌంగ్ తుపాను. మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు ఆదివారం నుంచే వాన, గాలి, చేలల్లో వరి మొత్తం పడిపోయింది. గొడుగు తిరగబడిపోతుంటే ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చాం, ఇచ్చాక కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద మెషిన్ నడవదన్నాడు అబ్బాయి. రిపోర్ట్ లేదు, రిపోర్ట్ లేకపోతే మందు లేదు, పాత వారం మందు ఆదివారంతో అయిపోయింది. ఫ్రిజ్ మీద 48 గంటల కాగితం. అప్పుడు గుర్తొచ్చింది డబ్బాలో నాలుగు మాత్రలు. సిగ్నల్ పోయేలోపు మేడమ్‌కి ఫోన్ దొరికింది, రాత్రికి రెండు చొప్పున రెండు రోజులు వేసెయ్యమంది, అసలు ఆగిపోవడం కంటే 200 నయం అని.

కరెంటు బుధవారం వచ్చింది. మళ్ళీ రక్తం ఇచ్చి సాయంత్రం దాకా ల్యాబ్‌లోనే కూర్చున్నాం, నల్ల పంచెలో వాడు, తడిసిన చున్నీతో నేను. కాగితం చేతికొచ్చింది, టోటల్ 6,200, పాలీమార్ఫ్స్ 58. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ కోసం వెతుకుతుంటే వాడు కాగితం వైపు వంగి చూసి, "మూడువేల ఐదొందల తొంభై ఆరు" అన్నాడు. కొట్టి చూశా, 3,596. గడిలో ఆ నంబర్ వాడే రాశాడు, వాన చెమ్మకి సిరా కాస్త పాకింది.

ఇప్పుడు నెలకోసారే రక్తం. ఈ నెలది రేపు సోమవారం ఇవ్వాలి.