నిండు లోడ్ కంటే ఖాళీ సీసాల లోడ్‌తోనే అసలు పని

డార్ట్‌మండ్ దగ్గర ఒక డ్రింక్స్ హోల్‌సేల్ గోడౌన్‌లో లారీల ప్లానింగ్ చూస్తాను. లాజిస్టిక్స్ అంటే ఇంటి దగ్గర అందరూ సరుకు పంపడమే అనుకుంటారు, కానీ మా దగ్గర పొద్దున ఎన్ని క్రేట్లు బయటికి పోతాయో ఇంచుమించు అన్ని ఖాళీ క్రేట్లు వెనక్కి రావాలి, నా బుర్ర ఎక్కువ తినేది ఆ వెనక్కి రావడమే.

జర్మనీలో ఉన్నవాళ్లకి ఫాండ్ గురించి, అంటే సీసా తిరిగిస్తే వెనక్కిచ్చే డిపాజిట్ గురించి, చెప్పక్కర్లేదు. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ బాటిల్‌కి, క్యాన్‌కి 25 సెంట్లు డిపాజిట్, ఇది 2003లో మొదలైంది, అవి నలిగి రీసైక్లింగ్‌కి పోతాయి. నేను చెప్పేది కడిగి మళ్లీ నింపే గాజు సీసాల గురించి. మామూలు బీర్ సీసాకి 8 సెంట్లు, క్రేట్‌కి 1.50 యూరోలు, అంటే 20 సీసాల క్రేట్ మీద మొత్తం 3.10. మన గ్యాస్ సిలిండర్ లెక్కే, ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవడం. ఒక్కో సీసా 50 సార్ల దాకా తిరుగుతుంది అంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కానీ జనం సీసాని ఎక్కడ కొన్నారో అక్కడే ఇవ్వరు కదా. ఏ క్రేట్ చేతికి దొరికితే దాంట్లో ఏ సీసా పడితే అది పెట్టి ఇచ్చేస్తారు, పొట్టి మెడది, పొడుగు మెడ లాంగ్‌నెక్, పచ్చది, కొన్నిటి మీద బీర్ తయారుచేసే బ్రూవరీ పేరు గాజులోనే అచ్చుపోసి ఉంటుంది, అలాంటిది వేరే బ్రూవరీకి ఎందుకూ పనికిరాదు. వాటన్నిటినీ విడదీసి ఎవరివి వాళ్లకి చేర్చాలి. అందరూ ఒకే రకం సీసా వాడితే ఈ పనిలో చాలా భాగం ఉండేదే కాదు, మార్కెటింగ్ వాళ్లు అందంగా ఉంటుందని అచ్చు వేయిస్తే ఆ ఖర్చంతా సార్టింగ్ దగ్గర తేలుతుంది, ఈ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది.

ఇంకో చిక్కు, లారీలో చోటు. ఒక యూరో ప్యాలెట్ మీద, అంటే సరుకు పేర్చే చెక్క పలక మీద, 40 క్రేట్లు పడతాయి, అంటే 800 సీసాలు, 124 యూరోల డిపాజిట్. తాగేశాక బరువు దాదాపు సగమవుతుంది కానీ లారీలో పట్టే చోటు మాత్రం అంగుళం కూడా తగ్గదు, అట్టపెట్టెలా మడిచేది కాదు కదా. అందుకే నిండు క్రేట్లు దించిన డ్రైవర్ అక్కడే ఖాళీవి ఎక్కించుకుని రావాలి, ఆ షాపు వెనక ఖాళీలు పేర్చి ఉంచకపోతే లారీ ఊరికే గాలి మోసుకుంటూ వస్తుంది, డీజిల్ మాత్రం కాలుతూనే ఉంటుంది. సీసా తిరిగే దూరం ఎంత తక్కువుంటే ఈ పద్ధతికి అంత అర్థం, చుట్టుపక్కల ఊళ్ల బీర్‌కి ఇది బ్రహ్మాండంగా కుదురుతుంది, దేశం ఆ చివర నుంచి ఈ చివరికి అయితే అంత బాగోదు.

ఎండాకాలం ఇంకా కష్టం. 2018లో ఎండలు మండిపోయి, పైగా ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కూడా ఉండి, బోఖుమ్‌లో ఒక బ్రూవరీ ఖాళీ సీసాలు తెచ్చివ్వండి అని ఫేస్‌బుక్‌లో జనాన్ని అడిగింది. బీర్ ఉంది, నింపడానికి సీసా లేదు! కొత్త సీసా కొనాలంటే 8 సెంట్ల కంటే ఎక్కువే అవుతుంది, కాబట్టి జనం ఇళ్లలో ఉండిపోయిన ప్రతి సీసా బ్రూవరీకి నష్టమే.

ఇక్కడ స్టేషన్ల దగ్గర పెద్దవయసు వాళ్లు సీసాలు ఏరుకుంటూ కనిపిస్తారు. వాళ్లు చెత్తలో చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా చాలామంది సీసాని డబ్బా పక్కన నిలబెట్టి వెళ్తారు, మీరూ అలాగే చేయండి. ఇంకోటి, కొత్తగా వచ్చిన మనవాళ్లు బాల్కనీలో క్రేట్లు పేర్చుకుని పెట్టుకుంటున్నారు, జులైలో ఇండియా టికెట్ ఉంటే బయల్దేరే ముందే ఇచ్చేసి వెళ్లండి, సీసాలకి బాగా కరువుండేది సరిగ్గా ఆ నెలల్లోనే.