బతుకమ్మ నుంచి బీచ్ రోడ్డు దాకా

2023 సెప్టెంబర్‌లో వైజాగ్ నేవీ మారథాన్‌కు పేరు ఇచ్చాను. నవంబర్ 5, ఆదివారం. నాది హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు. అంతకుముందు ఆగస్టులో హైదరాబాద్‌లో 10కె పరుగెత్తాను, అంతకు మించి అనుభవం లేదు. పేరు నమోదైన రోజే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు కూడా తీశాను. ఆ తర్వాత వంటింట్లో వేలాడే క్యాలెండర్ తిప్పి చూస్తే గుండె ఆగినంత పనైంది. సరిగ్గా ఎక్కువ పరుగెత్తాల్సిన వారాల్లోనే పిల్లలకు దసరా సెలవులు. అక్టోబర్ 13 నుంచి 25 దాకా. అమ్మ వాళ్లింటికి హనుమకొండ వెళ్లాలి, బతుకమ్మ ఆడాలి, ములుగు వైపు తీసుకెళ్తానని పిల్లలకు మాటిచ్చాను.

నేను పరుగు ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి. మా చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కాన్పు తర్వాత పోయింది. కానీ అలా వచ్చినవాళ్లకు ముందుముందు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని, ఒళ్లు కదిలించక తప్పదని డాక్టరమ్మ చెప్పింది. మొదట నడక, తర్వాత పరుగు. ఇప్పుడు మందులా అనుకుని పరుగెత్తడం లేదు, ఇష్టంతోనే పరుగెత్తుతున్నాను. అయినా ఇంట్లో ఎవరైనా అడిగితే ఆరోగ్యం కోసమనే చెప్పేదాన్ని. ఇష్టం అని చెప్పడానికి ఆడవాళ్లం ఎందుకో వెనకాడతాం.

హనుమకొండ దారిలో ఎన్నికల చెకింగులు మొదలయ్యాయి. రెండు చోట్ల కారు ఆపి డిక్కీ తెరిపించారు. అమ్మ వాళ్లింటికి చేరేసరికి పొద్దు వాలింది. మర్నాడు, అక్టోబర్ 14, ఎంగిలిపూల బతుకమ్మ. ఆ సాయంత్రం వేయి స్తంభాల గుడి దగ్గర ఎంతమంది ఉంటారో చూసినవాళ్లకే తెలుస్తుంది. తంగేడు, గునుగు, బంతి, సీతజడ. మా పెద్దదానికి పదేళ్లు. మొదటిసారి తన బతుకమ్మను తనే పేర్చుకుంది. గునుగు పువ్వు చివర్లు కోసి రంగులో ముంచి ఆరబెట్టే పని అంతా అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర. నా ప్లాన్‌లో మర్నాడు పొద్దున 18 కిలోమీటర్లు ఉన్నాయి. మొత్తం ప్లాన్‌లో అన్నిటికంటే పొడవైన పరుగు అదే.

నాలుగింటికి అలారం మోగింది. పిక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. చిన్నోడు నా చెయ్యి పట్టుకుని నిద్రపోతున్నాడు. అలారం ఆపేసి పడుకున్నాను. ఆ రోజంతా మనసు మనసులో లేదు, పిల్లల మీద ఊరికే కసురుకున్నాను. మధ్యాహ్నం పెద్దది నా పక్కన కూర్చుని, "అమ్మా, నువ్వు పొద్దున ఉరకలేదని మామీద కోపమా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. దగ్గరకు తీసుకున్నాను.

ఆ సాయంత్రం కాగితం తీసుకుని మొత్తం మళ్లీ రాశాను. ఆదివారమే పొడవు పరుగెత్తాలన్న నియమం ఏమీ లేదు. ఆఫీసు ఉన్నవాళ్లకు ఆదివారమే కుదురుతుంది కాబట్టి అలా అలవాటైంది. నేను సెలవులోనే ఉన్నాను. కాబట్టి 18 కిలోమీటర్లు మంగళవారానికి మార్చాను. మధ్యలో రెండు చిన్న పరుగులను ప్లాన్‌లోంచి తీసేశాను. పోయిన వాటిని ఎక్కడా కలిపి తీర్చాలనుకోలేదు. ఒక రోజు తప్పింది కదా అని మర్నాడు రెట్టింపు పరుగెత్తి, మోకాలు పట్టేసి ఇంట్లో కూర్చున్న స్నేహితురాలిని నేను చూశాను. పిల్లలున్న ఇంట్లో ప్లాన్ రాసేటప్పుడు తప్పిపోయే రోజులకు కూడా చోటు ఉంచాలి. ఆ చోటు లేకపోవడం వల్లే నా కోపం పిల్లల మీదికి వెళ్లింది.

మంగళవారం పొద్దున నాలుగున్నరకు బయల్దేరాను. వీధి కుక్కల భయానికి మా తమ్ముడు మొదటి రెండు కిలోమీటర్లు స్కూటీ మీద వెంట వచ్చాడు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద అటూ ఇటూ, అటూ ఇటూ. ఆరు దాటాక నడకకు వచ్చే ఆడవాళ్లు కనపడ్డారు. మూడోసారి ఎదురైనప్పుడు ఒక పెద్దామె ఆపి, "బిడ్డా, ఇంకెన్ని తిరుగుడున్నయ్?" అని అడిగి తన సీసాలో నీళ్లిచ్చింది. 18 కిలోమీటర్లు అయ్యాయి. ఇంటికొచ్చి అమ్మ చేసిన సర్వపిండి రెండు తిని, పిల్లలు లేచేలోపు స్నానం చేశాను. ఆ రోజు పిల్లలకు నేను పూర్తిగా దొరికాను. ఒళ్లు అలిసినా మనసు తేలికగా ఉంది.

22న సద్దుల బతుకమ్మ. పొద్దున ఎనిమిది కిలోమీటర్లు మెల్లగా పరుగెత్తి, ఇక ఆ రోజంతా పండగకే ఇచ్చేశాను. పెరుగు సద్ది, పులిహోర సద్ది, నువ్వుల సద్ది, మలీద. సాయంత్రం వట్టి కాళ్లతో రెండు గంటలు ఆడాం. ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతూ, వంగుతూ, లేస్తూ ఆడతాం కదా, మర్నాడు ఒక పక్క తుంటి, పిక్కలు బాగా పట్టేశాయి. పోటీకి ఇంకా రెండు వారాలుంది, మెల్లగా తగ్గుతుందిలే అనుకున్నాను. అలాగే తగ్గింది. ఆ ఆట మానుకోవాల్సింది అని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు.

24న మాటిచ్చినట్టే రామప్ప, లక్నవరం. ఆ రోజు పరుగు ఊసే లేదు. రామప్ప గుడి 1213 నాటిదని, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందని బడిలో చెప్పారట, పెద్దది దారంతా తమ్ముడికి పాఠం చెప్పింది. గుడి మీది నల్లరాతి మదనికల్లో, అంటే ఆడవాళ్ల శిల్పాల్లో, ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న ఆమెను వెతికి పట్టుకుంది. లక్నవరంలో చెరువు నిండుగా ఉంది. వేలాడే వంతెన మీద చిన్నోడు సగం దాకా వచ్చి భయపడి ఆగిపోయాడు. వాడిని ఎత్తుకుని మిగతా సగం నడిచాను. ఆరేళ్ల వాడిని అంత దూరం ఎత్తుకున్నా నాకు ఆయాసం రాలేదు. పరుగు నాకేమిచ్చిందో ఆ వంతెన మీద తెలిసినంతగా ఏ గడియారంలోనూ తెలియలేదు.

హైదరాబాద్ వచ్చాక 28 అర్ధరాత్రి దాటాక చంద్ర గ్రహణం. గ్రహణం విడిచాక తలస్నానం చేయకుండా గడప దాటొద్దని అత్తమ్మ మాట. నాలుగింటికి లేచి తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని నెక్లెస్ రోడ్డుకు వెళ్లి పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చాను. అదే రోజు రాత్రి టీవీలో విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రైలు ప్రమాదం వార్త వచ్చింది. అత్తమ్మ టీవీ ఆపేయమంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఇద్దరు పిల్లల తల్లివి, గంత దూరం ఒక్కదానివే పోవుడు అవసరమా?" అంది చివరికి. ఆమె భయంలో తప్పేం లేదు. నాకూ భయం వేసింది. మా ఆయన మాత్రం, "అమ్మా, ఆమె నాలుగు నెలలుగా కష్టపడుతున్నది. పోనీ. పిల్లల్ని నేను చూసుకుంటా," అన్నాడు. ఆ ఒక్క మాట లేకపోతే నేను ఆగిపోయేదాన్నేమో.

శుక్రవారం సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్లతో రైలెక్కాను. పిల్లలకు ఏ రోజు ఏ యూనిఫాం, టిఫిన్‌లోకి ఏమిటి అని కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించాను. చిన్నోడు గుమ్మం దగ్గర ఏడ్చాడు. కాజీపేటలో అమ్మ, తమ్ముడు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నారు. రెండు నిమిషాల్లో కిటికీలోంచి చద్దన్నం డబ్బా, సకినాల ప్యాకెట్ చేతికిచ్చింది అమ్మ. "మెల్లగ ఉరుకు," అంది. రైలు కదిలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

శనివారం వైజాగ్‌లో బిబ్, అంటే పోటీలో టీషర్టుకు పెట్టుకునే నంబరు, తీసుకున్నాక చేసిందల్లా విశ్రాంతే. సింహాచలం మెట్లెక్కి వెళ్దామంది ఒక స్నేహితురాలు. కాళ్లు దాచుకోవాలని నేను ఒప్పుకోలేదు. కొత్త తిండి ఏదీ ముట్టుకోలేదు, ఇడ్లీ, పెరుగన్నమే. సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా వాసన వస్తున్నా చెయ్యి చాపలేదు.

ఆదివారం చీకటి ఉండగానే పరుగు మొదలైంది. చుట్టూ నేవీ వాళ్లు, కాలేజీ పిల్లలు, నా వయసు ఆడవాళ్లు. కురుసుర జలాంతర్గామి దాటి రుషికొండ వైపు వెళ్తుంటే కుడి చేతి పక్క సముద్రం. హైదరాబాద్‌లో అలవాటు లేని ఉక్కపోత అది. నాలుగో కిలోమీటరుకే టీషర్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడు మొదలవగానే వేగం తగ్గించాను. మా ఫ్లైఓవర్ల మీద నేర్చుకున్న పాఠం అది, ఎక్కుడులో గడియారం చూడకూడదు. కైలాసగిరి కొండ ఒక పక్క, నీళ్లలోంచి పైకొస్తున్న సూర్యుడు ఒక పక్క. ఆ కాసేపు నాకు ఇల్లు, టిఫిన్ డబ్బాలు, ఏవీ గుర్తుకు రాలేదు. పదేళ్లలో నేను ఎవరికీ ఏమీ కాకుండా ఉన్న గంట అదేనేమో.

తిరిగొచ్చేటప్పుడు ఎండెక్కింది. 17వ కిలోమీటరు దగ్గర ఎడమ పిక్క పట్టేసింది. పక్కకు నిలబడి సాగదీసి, నీళ్లలో ఓఆర్‌ఎస్ కలుపుకుని తాగి, నిమిషం నడక, మూడు నిమిషాల పరుగు అనుకుంటూ పూర్తి చేశాను. 2 గంటల 41 నిమిషాలు. ఇసుకలో కూర్చుని వీడియో కాల్ చేస్తే పెద్దది మెడల్ చూసి గట్టిగా అరిచింది. చిన్నోడు, "అమ్మా, ఇవ్వాళ కోహ్లీ బర్త్‌డే, సెంచరీ కొడ్తడు చూడు," అన్నాడు. వాడన్నట్టే అయింది. ఆ సాయంత్రం తిరుగు రైల్లో ఎవరి ఫోన్‌లో చూసినా ఆ 49వ వన్డే సెంచరీయే.

సోమవారం పొద్దున ఇంటికొచ్చేసరికి మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. పిల్లలు బడికి తయారై ఉన్నారు. పెద్దదాని జడలు వాళ్ల నాన్న వేశాడు, ఒకటి పైకి, ఒకటి కిందికి. వాళ్లు వెళ్లాక అత్తమ్మ బకెట్లో వేడి నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. ఎదురుగా కుర్చీలో కూర్చుని కాసేపాగి, "సముద్రం ఎట్లుంటది?" అని అడిగింది.

అరవై ఏడేళ్ల ఆమె ఒక్కసారి కూడా సముద్రం చూడలేదన్న సంగతి పన్నెండేళ్ల కాపురంలో నాకు తెలియదు. ఫోన్లో ఉన్న వీడియోలన్నీ చూపించాను. క్యాలెండర్ చూస్తే రాబోయే జనవరి 26 శుక్రవారం పడింది, శని ఆదివారాలు కలిసొస్తాయి. ఆ సోమవారం రాత్రే కూర్చుని గోదావరికి ఐదు బెర్తులు తీశాం. అత్తమ్మకు కింది బెర్తు దొరికింది.