కోరింగ మడ అడవిలో

పుష్యమాసం చలిలో ఇవాళ పొద్దున్నే కోరింగ అభయారణ్యానికి వెళ్లాం. 1978లో ప్రకటించిన అభయారణ్యం ఇది. కాకినాడకు ఇంత దగ్గరలో ఇలాంటి అడవి ఉండటం మన అదృష్టం.

చెక్క వంతెన పక్కన నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడింది. అందులోంచి మడచెట్ల వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. బురదలో గాలి అందదు, అందుకే తెల్లమడ అనే రకం మడచెట్టు ఇలా వేళ్లు పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండే బుల్లి పీతలు, బురద మీద గెంతే చేపలు! అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. చేపలు పట్టి తినే అడవి పిల్లి, నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) మాత్రం కనిపించలేదు, అది ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతుంది.

తుపాను అలల జోరు తగ్గించే ఈ చెట్ల వేళ్లకు చిప్స్ ప్యాకెట్లు చుట్టుకుని ఉంటే కడుపు మండింది. దయచేసి పడేయకండి. పిల్లల్ని తీసుకెళ్తే పోటు లేని వేళ చూసుకుని వెళ్లండి, పోటు మీదుంటే ఈ వేళ్లూ పీతలూ మునిగిపోతాయి.