వైర్లు కట్టిన నాలుగు వారాలు

బండి మీంచి పడి లేచి కూర్చోగానే నాకు తెలిసిన మొదటి సంగతి, పళ్ళు కలవడం లేదని. నోరు మూసినా ముందు పళ్ళ మధ్య సందు ఉండిపోయింది. పెట్టుకున్నది సగం హెల్మెట్. తలకు ఏమీ కాలేదు, ముఖం పగిలింది.

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో ముక్కు మీద కుట్లు వేసి ఇంటికి పంపేయబోయారు. మా బావమరిది ఒప్పుకోలేదు, ఆ రాత్రే గుంటూరు తీసుకెళ్ళాడు. అక్కడ సిటీ స్కాన్ తీశారు. తెరమీద నా ముఖం పగిలిన కొబ్బరి చిప్పలా ఉంది. ముక్కు మొదలు నుంచి రెండు కళ్ళ కింది అంచుల మీదుగా పై దవడ మొత్తం విడివడింది. దాన్ని లెఫోర్ట్ 2 అంటారట. 1901లో ఫ్రెంచ్ సర్జన్ లెఫోర్ట్ ఈ విరుగుళ్ళను మూడు రకాలుగా వర్గీకరించాడు. నాకు కింది దవడ కూడా ముక్కలైంది.

"పళ్ళ డాక్టరు ముఖానికి ఆపరేషన్ చేయడమేంటయ్యా?" అని అమ్మ భయపడిపోయింది. బీడీఎస్ అనే పళ్ళ వైద్యం డిగ్రీ తర్వాత దవడలు, ముఖం సర్జరీలో ఎండీఎస్ అనే పీజీ చేసిన డాక్టర్లు ఉంటారని మాకు అప్పుడే తెలిసింది. వాపు దిగాలని ఎనిమిదో రోజు దాకా ఆగారు. ముక్కు అస్సలు చీదొద్దన్నారు. నేను పళ్ళు కనబడేలా నవ్విన పాత ఫొటో తెమ్మంటే మా ఆవిడ పెళ్ళి ఆల్బమ్ పట్టుకొచ్చింది. ఎముక ముక్కలు ఎలా ఉన్నా, ముందు పై పళ్ళు కింది పళ్ళు పాతలాగే కలవాలి, ఆ తర్వాతే ప్లేట్లు బిగిస్తామని డాక్టరుగారు చెప్పారు. మత్తు గొట్టం నోట్లో ఉంటే పళ్ళు కలిపి చూడలేరు, ముక్కు విరిగింది కాబట్టి అటు నుంచీ వద్దన్నారు. గడ్డం కింద చిన్న కోత పెట్టి ఆ గొట్టాన్ని అందులోంచి బయటికి తీశారు. టైటానియం ప్లేట్లన్నీ పెదాల లోపలి నుంచి, కింది కనురెప్పల దగ్గర నుంచి వేశారు.

మెలకువ వచ్చేసరికి పళ్ళు వైర్లతో కట్టేసి ఉన్నాయి. వాంతి అయితే ఊపిరాడదేమోనని నాకు విపరీతమైన టెన్షన్. వైర్లు కత్తిరించే కట్టర్ ఒకటి మంచం పక్కనే పెట్టించి, ఏవి కత్తిరించాలో మా ఆవిడకు చూపించారు. ఆమె దాన్ని దిండు కింద పెట్టుకునే పడుకునేది.

నాలుగు వారాలూ రాగి జావ, పప్పుకట్టు, వడగట్టిన చికెన్ సూప్, పలచని మజ్జిగ. అమ్మ అన్నీ మిక్సీ పట్టి, బట్టలో వడగట్టి, సిరంజితో చివరి పళ్ళ వెనక సందులోంచి పోసేది. తాలింపు వాసన వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఏడు కిలోలు తగ్గాను.

వైర్లు తీసిన రోజు నోట్లోకి ఒక్క వేలే పట్టింది. నాకైతే ఆపరేషన్ కంటే ఆ తర్వాతి వ్యాయామమే కష్టం. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టి, రెండు మూడు రోజులకో పుల్ల పెంచాలి. నొప్పికి మానేద్దామనుకున్నప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టేది. మూడు వేళ్ళు పట్టడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు ముద్దపప్పు, ఆవకాయ అన్నం తింటున్నాను. పళ్ళు కలుస్తున్నాయి. కుడి చెంప, పై పెదవి మాత్రం ఇంకా కొంచెం మొద్దుగానే ఉన్నాయి, నరం కోలుకోవడానికి నెలలు పడుతుందన్నారు. అన్నం తిన్నాక పెదవి మీద మెతుకు ఉందేమో నాకు తెలియదు, మా ఆవిడ చెయ్యి పెట్టి తుడుస్తుంది.