టెక్స్ట్ బ్రౌజర్‌లో టైమర్లు ఎంత వేగంగా తిరగాలి?

ఎడ్‌బ్రౌజ్ లాంటి, జావాస్క్రిప్ట్ (పేజీలో ఉండే ప్రోగ్రామ్ కోడ్) నడిపే టెక్స్ట్ బ్రౌజర్ అక్షరాలనే చూపుతుంది, అందులో బొమ్మలు కదలవు. అయినా కొన్ని పేజీలు 10 మిల్లీసెకన్లకోసారి సెట్‌ఇంటర్వల్ (ఒకే పనిని పదే పదే చేయించే టైమర్) తిప్పి, ఎవరూ చూడని స్లైడ్‌షో కోసం సీపీయూను తినేస్తాయి. అలాగని ప్రతి టైమర్‌కూ 200 మిల్లీసెకన్ల కనీస గడువు పెట్టారా, లోడింగే నత్తనడక: సున్నా గడువుతో గొలుసుగా ఒకదాన్నొకటి పిలిచే 50 సెట్‌టైమౌట్‌లకే (ఒక్కసారే నడిచే టైమర్లు) 10 సెకన్లు పోతాయి. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం సైతం గొలుసు ఐదు మెట్లు దాటాకే 4 మిల్లీసెకన్ల కనీస గడువు అడుగుతుంది.

అందుకే వేగానికి కోత సెట్‌ఇంటర్వల్‌కే పెట్టాలి. ఒక్కసారే నడిచే టైమర్‌ను అడిగిన వేళకు, వరస తప్పకుండా వదలాలి. ఆలస్యమైన ఇంటర్వల్ పిలుపులను పోగేసి ఒక్కసారిగా నడపొద్దు, ఒకటి చాలు. రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌ను (తెరపై తర్వాతి బొమ్మ గీసే ముందు నడపమని పేజీ అప్పగించే పని) సెకనుకు 60 సార్లు పిలవడం దండగే గానీ, పూర్తిగా ఆపేస్తే దాన్ని నమ్ముకున్న పేజీలు ఖాళీగా మిగులుతాయి. సెకనుకు రెండు మూడుసార్లు చాలు.